ఎండ బయటికి తరిమింది... జబ్బు లోపలికి నెట్టింది

వేసవి వస్తే ఎచ్చెర్లలో మొదట వినిపించే మాట ఎండ కాదు, ఉక్క! ‘ఎండైతే ఓర్చుకోవచ్చురా బాబూ, ఈ ఉక్కేటి?’ అంటారు పెద్దవాళ్లు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. శ్రీకాకుళం పట్నానికి పది పన్నెండు కిలోమీటర్ల ఇవతల, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న మండల కేంద్రమిది. ఒకప్పుడు అయిదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు రహదారి. తూర్పుకి కాస్త దూరం పోతే సముద్రం. ఆ సముద్రం మీది నుంచి వచ్చే గాలి సాయంత్రం చల్లగా తగిలితే ప్రాణం లేచివస్తుంది. అదే గాలి మధ్యాహ్నం స్తంభించిపోతే ఊరంతా ఆవిరికుండలో పెట్టినట్టుంటుంది.

పెద్దవాళ్లు విసుక్కుంటూ అనే ఆ ఒక్క మాటలో శరీర ధర్మం మొత్తం ఉంది. మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర పనిచేసే యంత్రం. వేడెక్కితే గుండె రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా తోస్తుంది. చెమట పడుతుంది. చల్లబరిచేది చెమట పట్టడం కాదు... ఆ చెమట ఆరడం! గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ ఒంట్లోంచి పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరితేగానీ వడగాలుల లెక్క మొదలుపెట్టకపోయినా, తీరప్రాంతాలకు ఆ హద్దును 37 డిగ్రీలకే దించింది. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగి, 37 దాటిందంటే తీరంలో అది వడగాలే. రెంటచింతలలో 45 డిగ్రీలన్న వార్త పెద్దక్షరాల్లో వస్తుంది. ఎచ్చెర్లలో 38 అన్నది ఎక్కడో మూలన ఉంటుంది. కానీ ఒంటికి అంకెలతో పనిలేదు కదా!

వడదెబ్బ తెలుగువాళ్లకు కొత్త కాదు. 2003 వేసవిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా రాలిపోయారు. 2015 మే నెలలోనూ అంతే... ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మృతులు వెయ్యి దాటారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, కూలివాళ్లు. ఆ అనుభవంతోనే ప్రభుత్వాలు జాగ్రత్తలు నేర్చుకున్నాయి. చలివేంద్రాలు పెట్టడం, ఉపాధి హామీ పనుల వేళలు పొద్దుటికి మార్చడం, ఓఆర్ఎస్ పొట్లాలు పంచడం, మండలాలవారీగా హెచ్చరికలు పంపడం... ఇవన్నీ ఏటా జరిగే తంతులయ్యాయి. ఎండ ఒక్కటే వస్తే ఏం చేయాలో కొంతవరకు తెలిసింది.

ఎండతో పాటు మహమ్మారి కూడా వస్తే? 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. వేసేలోగానే చైత్రం వచ్చేసింది.

రెండు మందులు... ఒకదానికొకటి పడవు

రోగం ఒకటైతే మందు వేయొచ్చు. రెండు రోగాలు వచ్చి, ఒకదాని మందు రెండోదానికి విషమైతే వైద్యుడు కూడా తల పట్టుకుంటాడు. ఎండకూ కరోనాకూ మధ్య వచ్చిన పేచీ అదే.

ఎండ దెబ్బ తగలకూడదంటే ఏం చెబుతారు? వేడెక్కిన ఇంట్లోంచి బయటికి రా, చెట్టు నీడకు పో, చల్లగా ఉన్న చోట నలుగురితో కూర్చో, ఇరుగుపొరుగు ముసలివాళ్లను గంటకోసారి పలకరించు. మరి కరోనాకు? ఇల్లు కదలకు, నలుగురు ఉన్నచోటికి పోకు, ముసలివాళ్ల దరికి అసలే వెళ్లకు! ఎండ మనుషుల్ని దగ్గరికి రమ్మంటుంది, జబ్బు దూరం పొమ్మంటుంది. పైగా రెండూ వేటాడేది ఒకే మనుషుల్ని. అరవై దాటినవాళ్లు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బులతో బతుకీడుస్తున్నవాళ్లు. రక్తపోటుకు వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీటిని బయటికి పంపుతాయి. మామూలు రోజుల్లో ప్రాణం నిలిపే ఆ మాత్రే ఉక్కరోజున ఒంటిని ఎండగట్టేస్తుంది. దానికి జ్వరం కూడా తోడైతే ఇక చెప్పేదేముంది!

ఇల్లు చల్లగా ఉండి, గదులు నాలుగుంటే ఈ పేచీ పెద్దగా తెలియదు. ఒక గదిలో రోగి, మరో గదిలో మిగతావాళ్లు. ఎచ్చెర్ల చుట్టుపక్కల నుంచి పొట్టకూటికి పట్నాలకు వెళ్లినవాళ్ల సంగతి వేరు. ఉత్తరాంధ్ర వలసల పుట్టిల్లు. తాపీపనికి హైదరాబాద్, విజయవాడ, చెన్నై... ఎక్కడ భవనం లేస్తుంటే అక్కడ శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. ఆ భవనాలు కట్టేవాళ్లు ఉండేది మాత్రం రేకుల గదుల్లో. పగలు రేకు కాలుతుంది, రాత్రి చుట్టూ ఉన్న కాంక్రీటూ తారురోడ్డూ పొద్దంతా తాగిన వేడిని కక్కుతాయి. పల్లెలో తెల్లవారుజామునైనా ఒళ్లు చల్లబడుతుంది, పట్నంలో ఆ కాస్త ఊరటా ఉండదు. అలాంటి గదిలో అయిదారుగురు. మామూలు వేసవిలో వాళ్లు ఆ గదిలో ఉండరు. పగలు పనిలో, సాయంత్రం వీధిలో, రాత్రి మేడమీదో రోడ్డు పక్కనో... గది పెట్టెలు పెట్టుకోవడానికే. లాక్‌డౌన్ వచ్చి ‘గదిలోనే ఉండండి’ అంది. ఆ గది ఉండటానికి కట్టింది కాదని ఎవరికి చెప్పుకుంటారు?

విశాఖపట్నం కొండవాలు కాలనీల్లో మరో చిక్కు. ఇంటి మీద ఇల్లు, మధ్యలో మెట్లదారి. నీళ్లు బిందెలతో పైకి మోసుకోవాలి. ‘గంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కోండి’ అన్నది జబ్బుకు మందు. ‘గంటకోసారి నీళ్లు తాగండి, ఒంటిమీద తడిగుడ్డ వేసుకోండి’ అన్నది ఎండకు మందు. ఉన్న రెండు బిందెల్లో తాగడానికెన్ని, కడగడానికెన్ని? ఈ లెక్క వేసింది ఏ అధికారీ కాదు... ఆ ఇంటి ఇల్లాలు.

ఏసీ ఉన్నవాళ్లకైనా నిశ్చింత ఉందా అంటే అదీ లేదు. మూసిన గదిలో గాలి తిరిగి తిరిగి అదే ముక్కులకు చేరుతుంది. అందుకే 2020 ఏప్రిల్‌లో నిపుణులు ఏసీని 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టుకోమని, కిటికీ కాస్త తెరిచి ఉంచమని సలహా ఇచ్చారు. వేసవి మొదలవగానే ఏసీ దుకాణాలకో సినిమా హాళ్లకో వెళ్లి సేదతీరే మధ్యతరగతికి ఆ తలుపులూ మూసుకుపోయాయి. పార్కులకు తాళాలు పడ్డాయి. చెట్టు నీడ కూడా నిషిద్ధ ప్రాంతమైంది.

రహదారి చెప్పిన కథ

గదిలో ఉండలేనివాళ్లు నడక మొదలుపెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ నడక ఎచ్చెర్ల మీదుగానే సాగింది. చెన్నై నుంచి, విజయవాడ నుంచి ఒడిశాకు, బెంగాల్‌కు, బీహార్, జార్ఖండ్‌లకు... నెత్తిన మూట, చంకన బిడ్డ, కాళ్లకు అరిగిన చెప్పులు. చిలకపాలెం కూడలి దాటి, శ్రీకాకుళం దాటి, ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్ర సరిహద్దు చేరాలంటే ఇంకా దాదాపు 150 కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత చింతలూ మర్రులూ చాలావరకు పోయాయి. వెడల్పాటి రోడ్డు వాహనాలకు హాయి, కాలినడకవాడికి నిప్పుల గుండం. హోటళ్లు మూత. ఇంటి ముందు ఆగి నీళ్లడిగితే లోపలివాళ్లకు భయం, అడిగేవాళ్లకు బెరుకు. అయినా చాలా ఊళ్లవాళ్లు భయాన్ని పక్కనబెట్టి రోడ్డు పక్కన మజ్జిగా, పులిహోరా పెట్టారు. దగ్గరికి రాకుండా బల్లమీద పెట్టి దూరం జరగడం, వాళ్లు వచ్చి తీసుకుని దండం పెట్టడం... మర్యాదకు కొత్త పద్ధతులు పుట్టాయి.

ఎండకూ మహమ్మారికీ మధ్య చిక్కితే ఏమవుతుందో ఆ ఏప్రిల్‌లోనే ఒక పసిప్రాణం చెప్పింది. ములుగు జిల్లాలో మిరపకాయలు ఏరడానికి ఛత్తీస్‌గఢ్ బిజాపూర్ ప్రాంతం నుంచి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక. పని ఆగిపోవడంతో తోటివాళ్లతో అడవిదారిన మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న సొంత ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా ప్రాణం విడిచింది. పరీక్ష చేస్తే కరోనా లేదు! ఒంట్లోని లవణాలు తగ్గిపోవడమే కారణమై ఉంటుందన్నారు. జబ్బు సోకకుండానే జబ్బు కాలం ఆ పిల్లను తీసుకుపోయింది. ఇలాంటి చావులు ఏ జాబితాలోకి రావు. కరోనా లెక్కలో వేయరు, వడదెబ్బ లెక్కలోనూ వేయరు.

మే 1న హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు తొలి శ్రామిక్ రైలు కదిలింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై అయిదు వారాలు దాటింది. ఎండలు ముదిరాయి. మే 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కలగజేసుకుంది. నడిచి వెళుతున్నవాళ్లకు దారిపొడవునా అన్నం, మంచినీళ్లు, నిలువనీడ కల్పించాలంది. వేసవి కాబట్టి ఓఆర్ఎస్, గ్లూకోజ్ పొట్లాలు సిద్ధంగా ఉంచాలని కూడా చెప్పింది. మహమ్మారి గురించిన ఉత్తర్వులో ఎండ మాట వినబడింది అక్కడే. ఆ తర్వాత భోజనాలూ బస్సులూ వచ్చాయి. వచ్చేసరికి ఎంతోమంది నడక సగం పూర్తయింది.

నేల మీద ఇలా ఉంటే నీటి మీద ఇంకోలా ఉంది. ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం లాంటి తీర గ్రామాల నుంచి మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళతారు. అక్కడి మరపడవల మీద నెలల తరబడి వేట. 2020లో వేట ఆగిపోయింది, రైళ్లు ఆగిపోయాయి. ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలమంది రేవులో కట్టేసిన పడవల్లోనే చిక్కుకున్నారు. పడవ సముద్రం మీద సాగుతుంటే గాలి తగులుతుంది. రేవులో పక్కపక్కనే కట్టేసి ఉంటే అది నీళ్లమీది ఇరుకు గది. పడుకునే చోటు, వండుకునే చోటు, కూర్చునే చోటు అన్నీ అదే. ఎడం పాటించడానికి చోటేది? ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం బస్సులు ఏర్పాటు చేసి నాలుగు వేలమందికి పైగా వెనక్కి తెచ్చింది. రోజుల తరబడి, దాదాపు రెండు వేల కిలోమీటర్ల ప్రయాణం... దేశంలో ఎండలు మండే ప్రాంతాల మీదుగా! ఊరు చేరాక నేరుగా ఇంటికి కాదు, క్వారంటైన్‌కు. ఇంట్లోవాళ్లు దూరం నుంచే చూసి కళ్లు తుడుచుకున్నారు.

ఎండకు చావని వైరస్

ఆ వేసవిలో జనాన్ని నిలబెట్టిన ఆశ ఒకటుంది. ‘మన ఎండలకు ఆ పురుగు బతకదు’ అని! చలి దేశాల్లో విజృంభించిన జబ్బు మన రోహిణీ కార్తెలో మాడిపోతుందని చదువుకున్నవాళ్లు కూడా నమ్మారు. కొందరు పనిగట్టుకుని ఎండలో నిలబడ్డారు. వేడి వాతావరణం కరోనాను ఆపలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్నుంచీ చెబుతూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా రోజులు ఒక్క కేసూ లేకపోవడంతో ఈ నమ్మకానికి బలం చేకూరింది. శ్రీకాకుళంలో ఏప్రిల్ నెలాఖరుకు, విజయనగరంలో మే మొదటి వారానికి ఆ ముచ్చటా తీరిపోయింది.

అసలు జవాబు 2021లో దొరికింది. రెండో ఉప్పెన సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చింది. మే 16న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజు కేసులు 24 వేలు దాటాయి. అంటే ఎండ పతాక స్థాయిలో ఉన్నప్పుడే జబ్బు కూడా పతాక స్థాయికి చేరింది!

ఆ మే నెలలో ఇంట్లోనే వైద్యం పొందినవాళ్ల అవస్థ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జ్వరం 102. గది తలుపు మూసి ఉంటుంది. పంకా తిరిగితే వేడిగాలి. కరెంటు పోతే అదీ లేదు. పక్కన కషాయం గ్లాసు, పొద్దునా సాయంత్రం ఆవిరి. దాహమేస్తే నీళ్లిచ్చేవాళ్లు గుమ్మం దగ్గర పెట్టి పోతారు, లేచి తెచ్చుకునే ఓపిక ఉండాలి. ఒంటరి ముసలివాళ్లకు ఆ గ్లాసు పెట్టేవాళ్లూ లేరు. నీరసం జబ్బు వల్లా, నీళ్లు తాగకపోవడం వల్లా అన్నది రోగికీ తెలియదు, ఫోనులో చెప్పే వైద్యుడికీ తెలియదు.

ఆసుపత్రి గుమ్మం దగ్గరా ఇదే తికమక. ఎండలో పడి వచ్చినవాడి నుదుటికి పిస్తోలులాంటి ఆ పరికరం గురిపెడితే ఎర్రదీపం వెలిగేది. వాడికి జ్వరమా, ఎండ వేడా? వడదెబ్బకు ఒళ్లు కాలుతుంది, తల నొప్పెడుతుంది, వాంతులవుతాయి, మాట తడబడుతుంది. కరోనాకూ జ్వరం, నీరసం, తలనొప్పి. తేడా తేల్చేలోపు నిమిషాలు గడిచిపోతాయి. వడదెబ్బలో ఆ నిమిషాలే ప్రాణం. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి స్పృహ తప్పితే పారాసిటమాల్ మాత్ర పనిచేయదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసరాలి. మనిషిని పట్టుకోవాలి మరి! ముట్టుకుంటే జబ్బొస్తుందన్న భయం రాజ్యమేలుతున్న రోజుల్లో రోడ్డు మీద కూలిపోయినవాడిని పట్టుకునేదెవరు? చూసినవాళ్లు కరోనా అనుకుని దూరం జరిగేవారు.

వైద్యం చేసేవాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. తల నుంచి పాదం దాకా ప్లాస్టిక్ లాంటి రక్షణ దుస్తులు. చెమట ఆరే దారే లేదు. ఒకసారి తొడిగితే విధులు ముగిసేదాకా మంచినీళ్లు తాగడానికీ లేదు, బాత్రూముకు పోవడానికీ లేదు. ఊళ్లల్లో ఆశా కార్యకర్తలు మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాశారు. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. ఎండవేళ జనం బయట లేకపోవడం ఒకరకంగా మంచిదే. కానీ పొద్దుటి ఆరు గంటల్లోనే అందరూ సంతకు, రేషనుకు, టీకాకు ఎగబడ్డారు. ఎండ తప్పించబోతే గుంపు తయారైంది!

ఉద్దానానికి రెట్టింపు దెబ్బ

శ్రీకాకుళం జిల్లాలో ఈ రెండు ముప్పుల మధ్య మూడోది ఒకటి ఎప్పట్నుంచో కాచుకుని ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం... కొబ్బరీ జీడీ పండే పచ్చటి ఉద్దానం. అక్కడ వేలమందికి మూత్రపిండాల జబ్బు. చక్కెర వ్యాధి, రక్తపోటు లేనివాళ్లకు కూడా వస్తుంది. కారణం ఇదమిత్థంగా తేలలేదు. ఎండలో పనిచేస్తూ సరిపడా నీళ్లు తాగకపోవడం కూడా ఒక కారణం కావచ్చని అనుమానించే పరిశోధకులున్నారు. మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనబడింది. అక్కడా ఎండే అనుమానితుడు.

డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు నీళ్లు కూడా కొలతే. దాహమేసినా కడుపారా తాగకూడదు. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లక తప్పదు. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు, వెళితే ఆసుపత్రిలో జబ్బు భయం, వెళ్లకపోతే ఒంట్లో విషం. ‘ఇంట్లో ఉండండి’ అన్న మాట వాళ్ల విషయంలో మరణశాసనమే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆసుపత్రి దగ్గరకు రావడం పెద్ద మేలే. ఇలాంటి విపత్తు మళ్లీ వస్తే ఈ రోగులను అక్కడికి చేర్చే బండి ఏదన్నది ముందే రాసిపెట్టుకోవడం అంతకంటే పెద్ద మేలు.

తలుపు తట్టేవాళ్లుంటే...

ఇది మన ఒక్కరి బాధే కాదు. 1995 జులైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాలులు వీస్తే 739 మంది చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బెర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ చావుల మీద పరిశోధన చేసి 2002లో పుస్తకం రాశాడు. పేదరికంలో ఒకేలా ఉన్న రెండు పేటల్లో ఒకచోట చావులు ఎక్కువ, మరోచోట తక్కువ. తేడా ఏమిటి? ఒక పేటలో దుకాణాలూ కాలిబాటలూ జనంతో కళకళలాడేవి, ముసలివాళ్లు బయటికొచ్చి నలుగురితో కలిసేవారు. రెండో పేటలో వీధులు ఖాళీ, భయంతో తలుపులేసుకుని ఒంటరిగా ఉన్నవాళ్లు లోపలే పోయారు. మూసిన తలుపే అక్కడ మృత్యువైంది. పాతికేళ్ల తర్వాత కరోనా ప్రపంచమంతటా అదే తలుపు మూయించింది. 2020 వేసవిలో చల్లటి ఇంగ్లండులోనే మూడుసార్లు వడగాలులు వచ్చి, కొవిడ్ చావులు పక్కనబెట్టినా, మామూలు కంటే 2,556 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ అలాంటి లెక్కలు మొదలుపెట్టాక అంత పెద్ద అంకె అదే మొదటిసారి.

లెక్కపెట్టినవాళ్లు నేర్చుకున్నారు కూడా. అహ్మదాబాద్‌లో 2010 మేలో వడగాలులకు మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తేలింది. ఆ దెబ్బతో 2013లో ఆ నగరం వేసవి ప్రణాళిక రాసుకుంది. దక్షిణాసియాలో అదే మొదటిది. పేదల ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం వేయడం అందులోంచి పుట్టిన చవకైన ఉపాయం. ఇది మహమ్మారి కాలానికీ పనికొస్తుంది. ఎందుకంటే ఇల్లు చల్లబడితేనే కదా, ఇంట్లో ఉండమన్న మాటకు అర్థం!

మన దగ్గరా పాత ఉపాయాలకు కొదవ లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పక్కపక్కనే వరుసగా ఉండే పెంకుటిళ్లు, వాటి ముందు పొడుగాటి అరుగులు. అరుగు ఇంట్లోదీ కాదు, వీధిలోదీ కాదు. నీడ ఉంటుంది, గాలి ఆడుతుంది, ఈ అరుగు మీద ఒకరు ఆ అరుగు మీద ఒకరు కూర్చుని పొద్దుపోయేదాకా మాట్లాడుకోవచ్చు. ఎండకూ సరిపోతుంది, ఎడానికీ సరిపోతుంది! మూసిన గదిలో బలపడే జబ్బు ఆరుబయట గాల్లో చెదిరిపోతుందని వైద్యులు తేల్చి చెప్పారు. పార్కులకు తాళాలు వేయకుండా చెట్ల కింద ఎడంగా కూర్చోనిచ్చి ఉంటే పట్నంలో రేకుల గదుల జనానికి రెండు గండాల నుంచీ కాస్త ఊపిరి ఆడేది. ఇప్పుడు అరుగులు పోయి సిమెంటు మెట్లు వచ్చాయి, పెంకులు పోయి శ్లాబులు వచ్చాయి. ఇల్లు గట్టిపడింది, గాలి కరవైంది.

చలివేంద్రం సంగతీ అంతే. ఏటా వేసవిలో తాటాకు పందిరి కింద కుండలు పెట్టి దారినపోయేవాళ్లకు నీళ్లు పోయడం మన పాత పుణ్యం. 2020లో చాలాచోట్ల ఆ పందిళ్లు లేవలేదు. ఒకే గ్లాసు పదిమంది ఎత్తుకుంటే జబ్బు వస్తుందన్న భయం. నిజమే! కానీ గ్లాసు రాకముందు చెంబుతో పైనుంచి దోసిట్లో పోసేవారు. ఆ పద్ధతిలో అంటరానితనపు చేదు కలిసి ఉన్న మాట దాచలేం. ఆ చేదును వదిలేసి, అందరికీ ఒకేలా దోసిలి పట్టే పద్ధతినీ, సొంత సీసా నింపుకునే కుళాయినీ పెట్టుకుంటే దాహమూ తీరుతుంది, జబ్బూ అంటదు. మజ్జిగ, గంజి, చోడి అంబలి... ఒంట్లోంచి పోయిన నీళ్లనూ ఉప్పునూ తిరిగి ఇచ్చే మందులు ప్రతి ఇంటి వంటింట్లో ఉన్నవే.

అన్నిటికంటే ముఖ్యమైన మందు మాత్రం మనిషే. దగ్గరికి రాకపోయినా ఫరవాలేదు, గుమ్మం అవతల నుంచి ‘పిన్నీ, ఉన్నావా? నీళ్లు తాగినావేటి?’ అని రోజుకు రెండుసార్లు అడిగే గొంతు. పట్నంలో కొడుకు, ఊళ్లో తల్లి ఉన్న ఇళ్లు ఎచ్చెర్ల చుట్టుపక్కల ఎన్నో. కొడుకు ఫోను చేస్తే తల్లి ‘బాగున్నాను నాయనా’ అనే చెబుతుంది, ఒళ్లు కాలిపోతున్నా సరే. గొంతు తడబడుతోందా, పొంతన లేని మాటలొస్తున్నాయా అన్నది కనిపెట్టగలిగేది రోజూ వినే పక్కింటావిడే. ఆ మాట తేడాగా వినిపించిన క్షణంలో భయం పక్కనబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లి ఆ ఒంటిని తడిపి, 108కి ఫోను చేస్తే బతుకుతుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదన్న ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

2020లో ఊళ్లల్లో అప్పటి వాలంటీర్లూ ఆశా కార్యకర్తలూ ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని రాసుకున్నారు. ఆ కాగితంలో ఇంకో మూడు ప్రశ్నలుంటే సరిపోయేది. ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లెవరు? పైకప్పు రేకా, శ్లాబా? తాగడానికి నీళ్లు చాలుతున్నాయా? ప్రపంచంలో లెక్కలు రాయడం మొదలయ్యాక అత్యంత వేడి సంవత్సరంగా 2024 నమోదైంది. ఎండలు తగ్గే సూచన లేదు. కొత్త జబ్బు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు అది వేసవి చూసుకుని రాకూడదన్న నియమమేమీ లేదు! ఆ మూడు ప్రశ్నలకూ జవాబులు ప్రతి వీధిలో, ప్రతి సచివాలయంలో ముందే రాసి ఉంటే... ఎవరి తలుపు ముందు తట్టాలో వెతుక్కునే పని ఉండదు.